జొటెరోనా, మెండెలీనా, ఎండ్‌నోటా, లేక నోట్స్ యాప్ ఒక్కటే చాలా? తెలుగు పుస్తకాల మీద పనిచేసేవాళ్ళ కోసం

టైమ్ లేనోళ్ళ కోసం ముందే తేల్చేస్తా. రిఫరెన్సుల కోసం, అంటే చదివిన పుస్తకాల వివరాలు దాచుకుని రాసేటప్పుడు వాడుకోవడానికి, జొటెరో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, నోట్స్ మీకు ఏది అలవాటైతే దాంట్లో రాసుకోండి, రెండూ ఒకే నోట్స్ యాప్‌లో కానిచ్చేద్దాం అనే ఆశ మాత్రం వదిలేయండి. ఇక తీరిగ్గా ఉన్నవాళ్ళకి ఎందుకో చెప్తా.

నేను పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఏడాదిన్నర పాటు మొత్తం ఒకే నోట్స్ యాప్‌లో పెట్టేశా, దాని పేరెందుకులెండి, తప్పు నాదే. చదివిన ప్రతి పుస్తకానికీ ఒక పేజీ, కింద నచ్చిన వాక్యాలు, రంగురంగుల ట్యాగులు, తెరిచి చూసుకుంటే కడుపు నిండిపోయేది. రెండో చాప్టర్ డ్రాఫ్ట్ ఇచ్చాక మా గైడ్ గారు ఒక కొటేషన్ పక్కన పెన్సిల్‌తో "ఏ ముద్రణ? ఏ పేజీ?" అని రాసి వెనక్కిచ్చారు. నా దగ్గర వాక్యం ఉంది, రచయిత పేరుంది, పుస్తకం పేరుంది, పేజీ లేదు, ముద్రణ అయితే నేను అసలు చూడనే లేదు. లైబ్రరీకెళ్తే ఆ కాపీ ఎవరో పట్టుకెళ్ళారు, ఇంకో ముద్రణ తీసి చూస్తే పేజీలన్నీ మారిపోయున్నాయి, చివరికి ఆ ఒక్క వాక్యం దొరికేసరికి మూడు రోజులు పోయాయి. అలాంటివి ఇంకో అరవై ఉన్నాయని ఆ రాత్రి కూర్చుని లెక్కేస్కుంటే తెలిసింది.

అందుకని ఏ టూల్ చూసినా నేను అడిగే ప్రశ్నలు మూడే. పుస్తకం వివరాలు ఒక్కసారి ఎక్కిస్తే మళ్ళీ టైప్ చేసే పని ఉండకూడదు, ఉంటుందా? రాసుకున్న కొటేషన్‌తో పాటు పేజీ నంబర్ అతుక్కునే వస్తుందా? రేపు వర్డ్‌లో చాప్టర్ రాసేటప్పుడు సైటేషనూ (ఏ పుస్తకం, ఏ పేజీ అని చూపే ముక్క) చివర పుస్తకాల లిస్టూ దానంతట అదే పడుతుందా? నోట్స్ యాప్‌లు రెండోది మనం జాగ్రత్తగా ఉంటే చేస్తాయి, మొదటిది అరకొరగా చేస్తాయి, మూడోది వాటి వల్ల కాదు. అందంగా ఉంటాయి కాబట్టి మనమే మోసపోతాం.

వర్డ్‌లో ఉన్నది చాలదా అంటే, కొందరికి చాలు. రిఫరెన్సెస్ ట్యాబ్‌లో ఇన్సర్ట్ సైటేషన్ అని 2007 వర్షన్ నుంచీ ఉంది, చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు. ఎంఏ ప్రాజెక్టు, ఇరవై ముప్పై పుస్తకాలు, రిఫరెన్సులు రాసే స్టైల్ ఏపీఏనో ఎంఎల్‌ఏనో అని చెప్పారు, మీ ఒక్క ల్యాప్‌టాప్ మీదే పని, ఇంతే అయితే దాంతో కానిచ్చేయండి, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటూ సబ్మిషన్ డేట్ దాటించుకోకండి. అన్నీ చేత్తో కొట్టాలి, స్టైల్స్ గుప్పెడే, పీడీఎఫ్‌లు దాచుకునే చోటు లేదు. వందకి దగ్గరైతే మాత్రం చేతులు పడిపోతాయి.

ఎండ్‌నోట్ పాతకాపు. క్లారివేట్ అనే కంపెనీది, డబ్బులు పెట్టి కొనాలి, సొంతంగా అయితే వేలల్లో అవుతుంది. మెడిసిన్, సైన్స్ వైపు పెద్ద ల్యాబుల్లో వేలకి వేలు పేపర్లున్న లైబ్రరీలు దీంట్లోనే నడుస్తుంటాయి, పనితనం గురించి వంక పెట్టడానికేం లేదు. మీ యూనివర్సిటీ లైసెన్స్ కొనిచ్చి, మీ ల్యాబ్ మొత్తం అదే వాడుతుంటే మీరొక్కరే వేరే దారి పట్టడం అనవసరం. కానీ ఆ లైసెన్స్ యూనివర్సిటీది, మీది కాదు, కోర్సు అయిపోయి బయటికొచ్చాక ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి.

మెండెలీ గురించి అడిగేవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే చాలా కాలేజీల్లో వర్క్‌షాప్ పెట్టి నేర్పించింది అదే. ఉచితం, రెండు జీబీ స్టోరేజ్ ఇస్తుంది, ఇంగ్లీష్ జర్నల్ పేపర్లయితే డీఓఐ (ఒక్కో పేపర్‌కీ ఇచ్చే శాశ్వత నంబర్) పట్టుకుని వివరాలు చక్కగా లాక్కొస్తుంది. మరి నేనెందుకు వద్దంటున్నానంటే దాని చరిత్ర చూసి. 2013లో జర్నల్స్ వేసే పెద్ద కంపెనీ ఎల్సెవియర్ కొనేసింది. 2018లో మన కంప్యూటర్లో ఉన్న డేటాబేస్‌నే ఎన్‌క్రిప్ట్ చేశారు, దాంతో వేరే సాఫ్ట్‌వేర్ దాన్ని నేరుగా చదవడం కష్టమైంది. 2021లో ఫోన్ యాప్‌లు తీసేశారు, 2022 సెప్టెంబర్ నుంచి పాత డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ ఆపేసి కొత్తదానికి రమ్మన్నారు. ఆ కొత్తదాంట్లో వర్డ్‌కి ప్లగిన్ ఉంది కానీ లిబ్రేఆఫీస్‌కి లేదు. నాలుగైదేళ్ళ పని ఒక చోట పెట్టేటప్పుడు ఇంటి ఓనర్ ఎలాంటోడో చూసుకుంటాం కదా, అదీ సంగతి. ఇప్పటికే మెండెలీలో ఉండి హాయిగా నడుస్తుంటే కంగారు పడి దూకేయకండి, కావాల్సినప్పుడు జొటెరోలో ఇంపోర్ట్ ఆప్షన్ ఉంది, మెండెలీ అకౌంట్‌తో లాగిన్ అయితే ఆన్‌లైన్‌లో సింక్ అయి ఉన్నవి లాక్కుంటుంది.

జొటెరో 2006లో అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో పుట్టింది, అది కూడా కంప్యూటర్ డిపార్ట్‌మెంట్‌లో కాదు, హిస్టరీ వాళ్ళ సెంటర్‌లో. ఈ ముక్క మనకి ముఖ్యం. చరిత్రవాళ్ళకి జర్నల్ పేపర్లొక్కటే ఉండవు, పాత పత్రికలు, ఉత్తరాలు, ఇంటర్వ్యూలు, రాతప్రతులు అన్నీ ఉంటాయి, అందుకే దీంట్లో వాటన్నిటికీ వేరువేరు రకాలున్నాయి. చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో తాళపత్రం చూసొస్తే మాన్యుస్క్రిప్ట్ అని పెట్టి ఆర్కైవ్ పేరు, కాల్ నంబర్ ఎక్కించుకోవచ్చు, మా ఊళ్ళో బుర్రకథ చెప్పే తాతని రికార్డ్ చేస్తే ఇంటర్వ్యూ అని పెట్టుకోవచ్చు. ఉచితం, ఓపెన్ సోర్స్, వర్డ్‌కీ లిబ్రేఆఫీస్‌కీ గూగుల్ డాక్స్‌కీ మూడిటికీ పనిచేస్తుంది, సైటేషన్ స్టైల్స్ పదివేల పైన ఉన్నాయి, ఫోన్ యాప్ కూడా ఉంది.

దీంట్లో పిసినారితనం ఒక్కటే, ఫైల్స్‌కి ఉచితంగా ఇచ్చే స్టోరేజ్ 300 ఎంబీ. స్కాన్ చేసిన తెలుగు పుస్తకం ఒక్కోటి 30, 40 ఎంబీ ఉంటుంది, పది పుస్తకాలకే గిన్నె నిండిపోద్ది. కానీ పుస్తకాల వివరాలు, మీరు రాసుకున్న నోట్స్ ఈ లెక్కలోకి రావు, అవి ఎన్నైనా ఉచితంగా సింక్ అవుతాయి. కాబట్టి సెట్టింగ్స్‌లో ఫైల్ సింక్ ఆపేసి పీడీఎఫ్‌లు ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకుని వారానికోసారి హార్డ్ డిస్క్‌కి కాపీ కొట్టుకోండి, లేదా ఏడాదికి 20 డాలర్లు కడితే రెండు జీబీ ఇస్తారు. ఇంకో తెలివైన ఐడియా అందరికీ వస్తుంది, జొటెరో ఫోల్డర్ మొత్తాన్ని తీసుకెళ్ళి ఏదో ఒక క్లౌడ్ డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టేద్దాం అని. వద్దు. డేటాబేస్ పాడైపోద్ది, జొటెరో వాళ్ళే చెయ్యొద్దని మొత్తుకుంటారు.

ఇంతవరకూ ఏ ఇంగ్లీష్ గైడ్‌లోనైనా దొరుకుద్ది. మనకి అసలు తలనొప్పి తెలుగు పుస్తకాలతో.

మొదటిది పేర్లు. మనకి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ చివరి మాటే ఇంటిపేరు అనుకుంటాయి. వెబ్‌సైట్ నుంచి గురజాడ అప్పారావు అని లాగితే "అప్పారావు, గురజాడ" అని తయారై, గ లో ఉండాల్సిన మనిషి అ లోకి పోతాడు. ఇంగ్లీష్ లిపిలో ఎక్కిస్తే ఇంకా ఘోరం, పేరు చివర రావు విడిగా రాసేవాళ్ళంతా ఒకే ఇంటివాళ్ళైపోతారు. నా మొదటి బిబ్లియోగ్రఫీలో వరసగా పదిహేను మంది రావులు, తర్వాత తొమ్మిది మంది రెడ్లు, చదువుతుంటే పెళ్ళి శుభలేఖలో బంధుమిత్రుల జాబితాలా ఉంది. జొటెరోలో పేరు పక్కన చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కితే రెండు గడులు కలిసి ఒకటే గడి అవుతుంది, దాంట్లో మన పద్ధతిలో ఇంటిపేరుతో మొదలుపెట్టి మొత్తం రాసేయండి, రాసింది రాసినట్టే వస్తుంది, గ దగ్గరే పడుతుంది. శ్రీశ్రీ లాంటి కలం పేర్లకీ ఇదే మందు. ఒకసారి శ్రీశ్రీ, ఇంకోసారి శ్రీరంగం శ్రీనివాసరావు అని ఎక్కిస్తే మాత్రం దానికి ఇద్దరు మనుషులే, ఏదో ఒకటి ఖాయం చేసుకోండి.

రెండోది సంవత్సరం. పాత పుస్తకాల్లో కొన్నిటికి అట్ట లోపల ఇంగ్లీష్ ఏడాది ఉండదు, ప్రభవ, విభవ అని ఉంటుంది. ప్రభవ అంటే 1927 ఉగాది నుంచి 1928 ఉగాది దాకా కావచ్చు, 1987లో మొదలైంది కూడా కావచ్చు, అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కదా. ప్రెస్ పేరు, వెల అణాల్లో ఉందా పైసల్లో ఉందా చూస్తే ఏదో తేలిపోతుంది. డేట్ గడిలో తేల్చుకున్న ఇంగ్లీష్ ఏడాది మాత్రమే పెట్టి, పుస్తకం మీద ఉన్నది ఉన్నట్టు కింద నోట్‌లో రాసుకోండి. ఎక్సెల్‌లో పెట్టుకునేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు, ఒకే కాలమ్‌లో ఒకచోట 1927, ఇంకోచోట ప్రభవ, తర్వాత సార్ట్ చేస్తే కిచిడీ.

మూడోది ముద్రణ, నన్ను ముంచింది ఇదే. సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర మొదట 1949లో వచ్చింది, ఆ తర్వాత ఎన్నో ముద్రణలు. మీ చేతిలో ఉన్నది ఏ ఏడాదిదో అదే డేట్‌లో పెట్టాలి, ఎందుకంటే మీ పేజీ నంబర్లు దానివి. మొదటి ఏడాది ఎక్స్‌ట్రా అనే గడిలో ఇంగ్లీష్‌లో ఒరిజినల్ డేట్ అని రాసి, కోలన్ పెట్టి 1949 అని వేస్తే ఏపీఏ లాంటి స్టైల్స్ రెండు సంవత్సరాలూ చూపిస్తాయి. ఈ చిన్న గడి కోసమే నేను జొటెరోకి ఓటేస్తా, నోట్స్ యాప్‌లో ఇలాంటిదానికి సొంతంగా కాలమ్ పెట్టుకోవచ్చు గానీ ఆ కాలమ్‌ని వర్డ్ వరకూ మోసుకొచ్చేదెవరు?

ఇక వివరాలు వాటంతట అవి రావడం. కొత్త పుస్తకమైతే వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ కొడితే చాలాసార్లు వచ్చేస్తుంది, వచ్చినదాంట్లో తెలుగు పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంటే మార్చుకోవాలి. పాతవాటికి ఐఎస్‌బీఎన్ ఉండనే ఉండదు. ఆర్కైవ్ సైట్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ల నుంచి లాగితే పుస్తకం పేరే గుర్తుపట్టలేనట్టు ఉంటుంది, రచయిత గడిలో ఏముంటుందో దేవుడికే తెలియాలి. అక్కడ ఏ టూలైనా ఒకటే, పీడీఎఫ్ తెరిచి ముఖపత్రం చూసి చేత్తో ఎక్కించుకోవాల్సిందే, పుస్తకానికి రెండు నిమిషాలు. మన యూనివర్సిటీల థీసిస్‌లుండే శోధగంగ సైట్ నుంచి తెచ్చినవాటికీ ఇంతే, థీసిస్ అని రకం మార్చి యూనివర్సిటీ పేరు పడిందో లేదో చూసుకోండి. భాష గడిలో టీ, ఈ అనే రెండు ఇంగ్లీష్ అక్షరాలు వేయడం మర్చిపోకండి, లేకపోతే ఇంగ్లీష్ లిపిలో రాసుకున్న తెలుగు పేర్లని కూడా ఇంగ్లీష్ టైటిల్ అనుకుని కొన్ని స్టైల్స్‌లో ప్రతి మాటకీ పెద్దక్షరం తగిలించేస్తుంది.

కొటేషన్ ఎత్తడం దగ్గర ఇంకో గొడవ. డీటీపీలో పాత అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ నుంచి వాక్యం కాపీ చేస్తే చుక్కలు, బాణాలు, పిచ్చి గుర్తులు పడతాయి, అది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి. స్కాన్ పుస్తకమైతే అసలు అక్షరాలే ఉండవు, అంతా బొమ్మ. ఇలాంటప్పుడు హైలైట్ అనే ఫీచర్ గురించి ఎంత గొప్పగా చెప్పినా మనకి వేస్ట్. నేను చేసేది, జొటెరోలో పీడీఎఫ్ తెరిచి ఆ పేరా చుట్టూ డబ్బా గీసి బొమ్మగా పట్టుకుంటా, పక్కన కామెంట్‌లో వాక్యం టైప్ చేస్తా. పొడుగ్గా ఉంటే ఆ పేజీని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరుస్తా, తెలుగు బాగానే చదువుతుంది, బొమ్మలోని అక్షరాలు చదివే టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్ కూడా తెలుగు చదువుతుంది గానీ కమాండ్‌లు కొట్టే ఓపిక ఉండాలి. ఏది వాడినా ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి.

పేజీ నంబర్ విషయంలో ఒక కిటుకు. స్కాన్‌లో అట్ట, ముందుమాట, ప్రకాశకుల మాట కలిపి పది పన్నెండు పేజీలు ముందే పోతాయి, పీడీఎఫ్ 57 అన్నది పుస్తకంలో 45 అయ్యుంటుంది. జొటెరోలో మీరు గుర్తుపెట్టిన చోట పేజీ నంబర్ ఎడిట్ చేసే ఆప్షన్ ఉంది, ఒకచోట సరైన నంబర్ ఇచ్చి తర్వాతవన్నీ దాని ప్రకారం సర్దేయమనొచ్చు. పుస్తకం తెరిచిన మొదటి రోజే ఈ పని చేసేయండి.

నోట్స్ ఎక్కడ రాయాలంటే

జొటెరోలోనే రాయొచ్చు, 2022లో ఆరో వర్షన్ వచ్చినప్పటి నుంచి లోపలే పీడీఎఫ్ రీడర్, నోట్ ఎడిటర్ ఉన్నాయి. మీరు గుర్తుపెట్టినవన్నీ ఒక్క క్లిక్‌తో నోట్‌గా మారతాయి, ప్రతి వాక్యం చివర రచయిత, ఏడాది, పేజీ అతుక్కుని ఉంటాయి, దాని మీద నొక్కితే పీడీఎఫ్‌లో అదే పేజీకి పోతుంది. ఆ నోట్‌ని వర్డ్‌లోకి ప్లగిన్ ద్వారా దింపితే సైటేషన్లు ప్రాణంతోనే వస్తాయి. నా లెక్కలో నూటికి ఎనభై మందికి ఇంతకన్నా అక్కర్లేదు, చూడ్డానికి అంత షోకుగా ఉండదు, అంతే.

ఆబ్సిడియన్ అనే నోట్స్ యాప్ ఎవరికంటే, ఒక పుస్తకంలో చదివింది ఇంకో పుస్తకంతో ముడేస్తూ ఏళ్ళ తరబడి పోగుచేసేవాళ్ళకి. నోట్స్ అన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్స్‌గా మన కంప్యూటర్లోనే ఉంటాయి, రేపు ఆ కంపెనీ మూతపడ్డా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకోవచ్చు, ఈ గుణం నాకు బాగా నచ్చింది. జొటెరోని దీనికి కలపాలంటే బెటర్ బిబ్‌టెక్ అనే ప్లగిన్ ఒకటి జొటెరోలో, జొటెరో ఇంటిగ్రేషన్ అనేది ఆబ్సిడియన్‌లో వేసుకోవాలి, అప్పుడు ప్రతి పుస్తకానికీ ఒక చిన్న కీ వస్తుంది, నోట్‌లో ఆ కీ రాసుకుంటే చాలు. తెలుగు లిపి పేర్లకి కీ దానికి వదిలేయకుండా ఇంగ్లీష్ అక్షరాల్లో మీరే పెట్టుకోండి. అయితే ఈ ప్లగిన్లు రాసేది ఎక్కడో ఓపికున్న మనుషులు, వాళ్ళు ఆపేస్తే మీ అమరిక కుంటుపడుతుంది. ఇంకోటి, ఆబ్సిడియన్‌లో చాప్టర్ రాసి పాన్‌డాక్ అనే ఫైల్ మార్చే ప్రోగ్రామ్‌తో వర్డ్‌గా మార్చి గైడ్‌కి పంపితే, ఆయన ట్రాక్ చేంజెస్‌లో నూటపాతిక దిద్దుబాట్లు చేసి పంపుతారు, అవన్నీ మళ్ళీ మీ టెక్స్ట్ ఫైల్‌లోకి చేత్తో ఎక్కించుకోవాలి. ఒకసారి చేశా, ఇంక చెయ్యను. నోట్స్ ఆబ్సిడియన్‌లో, చాప్టర్ వర్డ్‌లో, ఇదే నాకు కుదిరింది.

నోషన్, వన్‌నోట్ గురించి ఎక్కువ చెప్పను. చదవాల్సినవాటి లిస్టుకి, గ్రూప్ ప్రాజెక్టు ప్లానింగ్‌కి నోషన్ బావుంటుంది, క్లాసులో పెన్నుతో రాసుకోవడానికి వన్‌నోట్‌ని మించింది లేదు. సైటేషన్ పని వాటిది కాదు, వాటి మీద కోపం కూడా లేదు. వర్డ్ బదులు లేటెక్‌లో రాసే మ్యాథ్స్, ఫిజిక్స్ జనానికి జాబ్‌రెఫ్ చాలు, లేటెక్ వాడుకునే రిఫరెన్సుల బిబ్ ఫైల్‌నే నేరుగా ఎడిట్ చేస్తుంది, తెలుగు లిపి ఉంటే మాత్రం పాత బిబ్‌టెక్ కాకుండా బిబ్‌లేటెక్, బైబర్ వాడండి.

ఏదెంచుకున్నా నోట్స్‌లో ఒక అలవాటు తప్పనిసరి, ఎత్తిరాసిన వాక్యానికి అక్కడికక్కడే కోట్ మార్కులు పెట్టాలి, మన మాటల్లో రాసుకున్నదానికి పెట్టకూడదు. ఆర్నెల్ల తర్వాత చూస్తే ఏది మనదో ఏది వాళ్ళదో మనకే తెలీదు. యూజీసీ 2018 రూల్స్ ప్రకారం సిమిలారిటీ, అంటే వేరేవాళ్ళ రాతతో పోలిక, 10 శాతం దాకా పర్లేదు, దాటితే తరగతుల వారీగా శిక్షలున్నాయి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవ్వొచ్చు. పేరు చెప్పి ఎత్తిన కొటేషన్లు, చివరి బిబ్లియోగ్రఫీ ఆ లెక్కలోకి రావు, కోట్ మార్కులు మర్చిపోయిన వాక్యం మాత్రం వస్తుంది. చాట్‌బాట్‌లని అడిగి రిఫరెన్సులు తెచ్చుకునేవాళ్ళకీ ఒక మాట, అవి పుట్టని పుస్తకానికి కూడా పేజీ నంబర్ చెప్తాయి, డీఓఐ నొక్కి చూడకుండా, పుస్తకం కళ్ళతో చూడకుండా ఒక్కటి కూడా లిస్టులోకి ఎక్కించకండి.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక సాయంత్రం పెట్టి పరీక్ష చేయండి. మీ దగ్గరున్నవాటిలో బాగా సతాయించే పది తీయండి: ఐఎస్‌బీఎన్ లేని పుస్తకం ఒకటి, భారతి పత్రిక పాత సంచికలో వ్యాసం ఒకటి, పేపర్ కటింగ్, థీసిస్, కలం పేరుతో రాసినవాళ్ళది, ఇలా. ఆ పదీ రెండు టూల్స్‌లో ఎక్కించి, వర్డ్‌లో ఒక పేజీ రాసి, లిస్ట్ తీసి చూడండి. తర్వాత మొత్తం ఎక్స్‌పోర్ట్ కొట్టి వేరేదాంట్లో తెరవండి. లోపలికి పోవడం అన్నిట్లో సులువే, బయటికి రావడం దగ్గర అసలు రంగు తెలుస్తుంది. వర్డ్‌లో పడ్డ సైటేషన్‌ని మాత్రం చేత్తో దిద్దకండి, తర్వాత రిఫ్రెష్ కొట్టినప్పుడు మీ దిద్దుబాటు పోవచ్చు, తప్పేదైనా ఉంటే జొటెరోలోనే సరిచేయాలి. ఫైనల్‌గా ప్రెస్‌కి పంపేటప్పుడు అన్‌లింక్ సైటేషన్స్ (సైటేషన్లని మామూలు అక్షరాలుగా మార్చే బటన్) కొట్టాలి, అది కొట్టే ముందు ఒక కాపీ పక్కన పెట్టుకోండి, కొట్టాక వెనక్కి రాదు.

ఇక నాలాగా ఇప్పటికే వేరే యాప్‌లో వందల పేజీలు పోగేసుకున్నవాళ్ళు, అన్నీ ఒకేసారి మార్చాలని సెలవులు తగలేసుకోకండి. నేను ఇప్పుడు రాస్తున్న చాప్టర్‌కి కావాల్సినవే జొటెరోకి తెచ్చుకున్నా, డెబ్బై పుస్తకాలకి నాలుగు సాయంత్రాలు పట్టింది. మిగతా రెండొందల పేజీలు పాత యాప్‌లోనే ఉన్నాయి, అవసరమొచ్చినప్పుడు ఒక్కోటి తెస్తున్నా. ఆ అరవై కొటేషన్లలో నలభైరెండుకి పేజీలు దొరికాయి, మిగిలిన పద్దెనిమిదీ థీసిస్‌లోంచి తీసేశా.